పిత్తాశయంలో పాలిప్: మిల్లీమీటర్ల లెక్క, మూలికల మాట

"గాల్‌బ్లాడర్‌లో 4 మి.మీ. పాలిప్." హెల్త్ చెకప్ రిపోర్టులో ఈ ఒక్క లైను చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకోవడానికి. నొప్పి లేదు, కామెర్లు లేవు, అయినా లోపల ఏదో పెరుగుతోందన్న భయం. చెన్నై తెలుగు ఇళ్లలో ఆ సాయంత్రానికే సలహా కూడా వచ్చేస్తుంది: మైలాపూర్‌లో నాటు మందుల కొట్టుకెళ్లి కీళానెల్లి (నేల ఉసిరి) పొడి తెచ్చుకో, పరగడుపున మజ్జిగలో తాగు, కరిగిపోతుంది. ఆ మాట ప్రేమతో చెప్పేదే. అందుకే దాన్ని కొట్టిపారేయకుండా, శ్రద్ధగా పరిశీలించాలి.

ముందు పాలిప్ సంగతి. పిత్తాశయం కాలేయం కింద ఉండే చిన్న సంచి. 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుంది. కాలేయం తయారుచేసిన పైత్యరసాన్ని చిక్కబరిచి దాచుకుని, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. ఆ రసంలో కొలెస్ట్రాల్ ఉంటుంది. సంచి లోపలి పొరలోని కణాలు ఆ కొలెస్ట్రాల్‌ను పీల్చుకుని ఉబ్బితే చిన్న బుడిపెలా కనిపిస్తుంది. స్కాన్‌లో పాలిప్ అని రాసేవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఇవి క్యాన్సర్‌గా మారవు. అడెనోమా అనే రకం వేరు, అది అరుదు, కానీ కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారగలదు. చిక్కేమిటంటే అల్ట్రాసౌండ్‌లో ఈ రెండింటినీ కచ్చితంగా విడదీసి చెప్పడం కష్టం. అందుకే డాక్టర్లు సైజును పట్టుకుంటారు.

10 మి.మీ., అంతకు మించితే పిత్తాశయం తీసేయమంటారు. 2022లో సవరించిన యూరప్ మార్గదర్శకాల ప్రకారం 6 నుంచి 9 మి.మీ. మధ్య ఉంటే మిగతా విషయాలు చూడాలి: వయసు 60 దాటిందా, పాలిప్ కాడ లేకుండా గోడకు అతుక్కుని ఉందా, పైత్యనాళాలు బిగుసుకుపోయే జబ్బు ఏదైనా ఉందా అని. ఆసియా జాతీయులు కావడం కూడా ఆ జాబితాలో ఉంది. 5 మి.మీ., అంతకన్నా చిన్నవైతే, ఇలాంటి ముప్పులు ఉన్నవాళ్లకు ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు స్కాన్. లేనివాళ్లకు అదీ అక్కర్లేదు. మన విషయంలో ఇక్కడ కొంచెం ఆలోచించాలి. పిత్తాశయ క్యాన్సర్ మన దేశంలో గంగా మైదానంలో, ఈశాన్యంలో ఎక్కువ. దక్షిణాదిలో బాగా తక్కువ. దేశమంతటినీ ఒకే గాటన కట్టే రూలును గుడ్డిగా అమలుచేయడం నాకు సబబుగా అనిపించదు. మీ పాలిప్ ఆకారం, వయసు, కుటుంబ చరిత్ర చూసి సర్జన్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ధైర్యమిచ్చే లెక్క కూడా ఒకటుంది. అమెరికాలో 6 లక్షల మందికి పైగా స్కాన్ రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించారు. పాలిప్ ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ పిత్తాశయ క్యాన్సర్ దాదాపు సమానంగా, అతి తక్కువగా కనబడింది.

ఇక కీళానెల్లి. మన నేల ఉసిరి. దీని కథలో చెన్నైకి గర్వించదగ్గ పాత్ర ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లకు నేల ఉసిరిని, ఉత్తుత్తి మందును వేర్వేరుగా ఇచ్చి చూసి, 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. రెండో గుంపులో 23 మందిలో ఒక్కరికే. ప్రపంచం ఇటు తిరిగి చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అయినా ఆ పద్ధతి గొప్పది: నమ్మకాన్ని పక్కన పెట్టి, పోల్చి చూశారు. పాలిప్‌ల విషయంలో అలాంటి పరీక్షకు నిలిచిన మూలిక ఇప్పటివరకూ ఒక్కటీ లేదు.

మరి "తాగాను, పోయింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? కాదు. చిన్న కొలెస్ట్రాల్ పాలిప్‌లు కొన్ని వాటంతటవే రాలిపోతాయి. స్కాన్ చేసే మనిషి మారితే కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే. 5 ఉన్నది 4 అయితే ఆ పేరు పొడికి దక్కుతుంది.

పాలిప్ కరగకపోతే పోనీ, నష్టమేముంది అనుకోవడానికీ లేదు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. కూరలో వేసే పసుపుతో భయం లేదు, గాఢమైన పసుపు క్యాప్సూళ్లతో కాలేయానికి హాని జరిగిన కేసులున్నాయి. పైగా పసుపులోని కర్క్యుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లు కూడా ఉన్నవాళ్లకు అది నొప్పి తెప్పించవచ్చు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ రంగు రాళ్లు పడిపోతాయనే చిట్కా మరీ దారుణం. అలా పడ్డవాటిని పరీక్షిస్తే పేగులో తయారైన సబ్బు ముద్దలని తేలింది.

మూలిక వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. తర్వాతి స్కాన్‌కు వీలైతే అదే సెంటరుకు, పాత రిపోర్టుతో, పరగడుపున వెళ్లండి. ఏదైనా తింటే సంచి ముడుచుకుపోయి పాలిప్ సరిగా కనబడదు. రెండు రిపోర్టుల్లో మిల్లీమీటర్లు పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. రెండు మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే, కొలతలో తేడా కావచ్చని వదిలేయకుండా సర్జన్‌ను కలవాలి. రెండేళ్లలో పెరగకపోతే స్కాన్‌లు ఆపేయవచ్చని ఆ యూరప్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.