లైబ్రరీ పుస్తకం వెన్ను మీది నంబరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అది పుస్తకాల వరుస సంఖ్య.

పుస్తకాలు లైబ్రరీకి వచ్చిన వరుసలో వేసేది అక్సెషన్ నంబర్. అది లోపల, లైబ్రరీ స్టాంపు దగ్గర ఉంటుంది. వెన్ను మీది చీటీలో ఉండేది కాల్ నంబర్: పైన విషయాన్ని చెప్పే నంబరు, దాని కింద సాధారణంగా రచయిత ఇంటిపేరులోని మొదటి అక్షరాలు.

అపోహ: 954.035 కన్నా 954.04 ముందుంటుంది, 35 కన్నా 4 చిన్నది కదా!

హైదరాబాద్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు, లెక్కల్లో దిట్టలైనవాళ్లు కూడా, ఇక్కడే బోల్తా పడుతుంటారు. చుక్క తర్వాత ఉన్నది దశాంశం, ఒక్కో అంకె విడిగా చూసుకుంటూ పోవాలి. రెండింటికీ ముందు సున్నా ఉంది. ఆ తర్వాత ఒకదానికి 3, ఇంకోదానికి 4. అంతే, 954.035 ముందు. అర్థం తెలిస్తే మరిచిపోరు: 954 భారతదేశ చరిత్ర, 954.035 బ్రిటిష్ రాచరికపు పాలన కాలం, 954.04 స్వాతంత్ర్యం తర్వాత. పాలకుల వరుసే ర్యాక్‌లో వరుస. సిలబస్ కూడా అదే కదా!

అపోహ: ఒక విషయం మీది పుస్తకాలన్నీ ఒకేచోట ఉంటాయి.

షుగర్ జబ్బు గురించి డాక్టర్ రాసిన పుస్తకం 616.462లో, వైద్యం దగ్గర ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు వంటలు చెప్పే పుస్తకం మాత్రం 641.56314, వంటల వరుసలో. అందుకే ఒక ర్యాక్ చూసి "ఇక్కడ ఏమీ లేవు" అని వెళ్లిపోకండి. తెలుగుదీ ఇదే కథ. భాష, వ్యాకరణం 494.827 దగ్గర, సాహిత్యం 894.827 దగ్గర. దాని చివర 1 చేరితే కవిత్వం, 3 చేరితే కథ, నవల. ఇక్కడ చాలాచోట్ల తెలుగుకు వేరే ర్యాకులుంటాయి, వాటిలోనూ మళ్లీ ఈ క్రమమే.

అపోహ: ఒక పుస్తకానికి ఏ లైబ్రరీలోనైనా అదే నంబరు.

ఇవి అమెరికన్ లైబ్రేరియన్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతి నంబర్లు. మన లైబ్రేరియన్ రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి వాడేచోట నంబర్ల రూపమే వేరు. డ్యూయీ వాడే రెండు లైబ్రరీలు కూడా ఒకే పుస్తకాన్ని వేర్వేరు చోట్ల పెట్టొచ్చు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో రాసుకున్న నంబరు పట్టుకుని చిక్కడపల్లి లైబ్రరీలో వెతక్కండి, అక్కడి కేటలాగ్ చూడండి.

అపోహ: చదివాక పుస్తకాన్ని మనమే ర్యాక్‌లో పెట్టేస్తే స్టాఫ్‌కి సాయం.

మీ మంచి మనసుకు దండం, కానీ వద్దు. రెండు అరలు అటూ ఇటూ పెట్టిన పుస్తకం మా లెక్కలో పోయినట్టే: కేటలాగ్‌లో ఉంటుంది, ర్యాక్‌లో దొరకదు, అడిగినవాళ్లకు మేం సమాధానం చెప్పలేం. బల్ల మీదే వదిలేయండి, సర్దుకునే పని మాది.