గింజకు పట్టించిన మందు, పిచ్చుక కడుపులో

బెంగళూరులో పిచ్చుకలు తగ్గాయనగానే అందరి వేలూ సెల్ టవర్ల వైపే పోతుంది. హోసకోటె, ఆనేకల్ వైపు పొలాల్లో విత్తే గింజల మీద ఏ మందు ఉందో అడిగేవాళ్లు తక్కువ. నగరంలో పిచ్చుక తగ్గడానికి ఆ మందే కారణమని ఎవరూ తేల్చలేదు. కానీ టవర్ల కంటే దీని మీద ఆధారాలు గట్టివి.

నియోనికోటినాయిడ్లు అనే తరగతి పురుగుమందుల్లో మొదట పేరుకెక్కిన ఇమిడాక్లోప్రిడ్ 1991లో అమ్మకానికి వచ్చింది. అప్పటికి రైతు చేతిలో ఉన్నవి మోనోక్రోటోఫాస్ లాంటి పాత పురుగుమందులు. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం చల్లిన మోనోక్రోటోఫాస్‌కే స్వైన్సన్ గద్దలు వేలల్లో చచ్చాయి. కొత్త మందు పురుగు నాడులకు గట్టిగా, పక్షి నాడులకు వదులుగా అతుక్కుంటుంది. కాబట్టి పక్షులకు మేలన్న మాట అబద్ధమేమీ కాదు, పిచికారీ వరకు. చిక్కంతా విత్తే ముందే గింజకు మందు పట్టించే విత్తనశుద్ధితో వచ్చింది. ఆకు మీద పలచగా పడాల్సింది గింజ మీద చిక్కగా చేరింది.

లెక్క చూడండి. లీటరుకు 600 గ్రాముల మందున్న ద్రావణాన్ని కేజీ జొన్నలకు 10 మి.లీ. పట్టిస్తే, 30 మిల్లీగ్రాముల గింజకు 0.18 మి.గ్రా. అంటుతుంది. ఊరపిచ్చుకల్లో సగాన్ని చంపే మోతాదు కేజీ బరువుకు 41 మి.గ్రా. అంటే 25 గ్రాముల పిచ్చుకకు ఆరు గింజలు చాలు.

చావకపోయినా నష్టమే. 2019లో కెనడా శాస్త్రవేత్తలు వలస పిచ్చుకలకు కేజీ బరువుకు 3.9 మి.గ్రా. ఇచ్చారు. మన లెక్కలో అది సుమారు సగం గింజ. ఆరు గంటల్లో అవి 6 శాతం బరువు తగ్గాయి, మేత బాగా తగ్గించాయి, ప్రయాణం మూడున్నర రోజులు ఆలస్యమైంది. పొలం దగ్గర పడి ఉన్న కళేబరాలనే లెక్కపెట్టేవాళ్లకు ఈ నష్టం కనబడదు.

గింజ తినని పక్షులకూ దెబ్బ తగులుతుంది. నెదర్లాండ్స్‌లో నీటిలో ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 20 నానోగ్రాములు దాటిన చోట్ల పురుగులు తినే పక్షులు ఏటా సగటున 3.5 శాతం తగ్గుతున్నాయని 2014లో తేలింది. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో సహా ఈ తరగతి మందులు మూడింటి బయటి పొలాల వాడకాన్ని ఆపింది, అదీ ముఖ్యంగా తేనెటీగల కోసం. మన దగ్గర అమ్మకం సాగుతోంది.

గొర్రు మలుపు తిరిగే చోట, సంచి విప్పిన చోట గింజలు పైనే పడి ఉంటాయి. విత్తిన రోజే ఏరి మట్టిలో కప్పేయాలి. మేడ మీద కూరగాయలు పెంచేవాళ్లు ప్యాకెట్ మీద ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్, క్లోథియానిడిన్ అనే ఆ మూడు మందుల పేర్లు వెతకండి. రంగు పూసిన గింజలు మిగిలితే కడిగి పిట్టల పళ్లెంలో వేయకండి. చాలావాటిలో మందు మొలకెత్తేటప్పుడు మొక్కలోకి ఎక్కేదే, కడిగితే పూర్తిగా పోదు.