గండిపేట 1790 నుంచి సాగర్ 510 దాకా

వానలు ముఖం చాటేసిన ఏడాది హైదరాబాద్ తాగునీటి అధికారుల కళ్లన్నీ ఒక్క అంకె మీదే ఉంటాయి: 510. నాగార్జునసాగర్‌లో నీరు 510 అడుగులకు పైన ఉన్నంతవరకు నగరానికి కృష్ణా జలాలు మామూలుగా అందుతాయి. అంతకంటే తగ్గితే, సాగర్ నీటిని ఎత్తిపోసే పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు దించి తోడాలి. 2024 వేసవిలో ఆ పరిస్థితే వచ్చింది. నగరం తన దాహాన్ని నూరు కిలోమీటర్లకు ఆవలి నీటిమట్టానికి ఎలా ముడివేసుకుందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

చిత్రమేమిటంటే ఆ కథ కరువుతో కాదు, వరదతో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేల మందిని మింగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరానికి ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ అనే గండిపేట చెరువు (1920), మూసీ ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి నీళ్లబిందెలయ్యాయి. గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి వాలు మీదుగా తనంతట తానే వచ్చేది; తోడే మోటారు లేదు, కరెంటు ఖర్చు లేదు. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు. ఆ అంకె పాత హైదరాబాదీలకు కంఠస్థం. చెరువు నిండిందో లేదో ఆదివారం కట్ట మీదికి వెళ్లి కళ్లతో చూసి వచ్చేవారు.

నగరం పెరిగింది. 1960లలో మంజీరా, తరువాత సింగూరు, 2004 నుంచి కృష్ణా, 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. ప్రతి మజిలీలో నీరు మరింత దూరమైంది, మరింత లోతుకు జారింది, ఎత్తిపోత ఖర్చు పెరిగింది. ఇంటి పక్క చెరువులను మాత్రం మనం చేతులారా నిర్లక్ష్యం చేశాం. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. ఇది పొరపాటు నిర్ణయమని నా నమ్మకం. ఎందుకంటే 2016 వేసవిని మరచిపోలేం. సింగూరు, మంజీరా, జంట జలాశయాలు నాలుగూ అడుగంటాయి. అప్పటికి కొద్ది నెలల ముందే గోదావరి నీరు చేరి ఉండకపోతే నగరం ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఇక 510 సంగతి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. 510 వద్ద కూడా దాదాపు 131 టీఎంసీలు ఉంటాయి. హైదరాబాద్‌కు కృష్ణా నుంచి ఏడాదికి కావలసింది 16.5 టీఎంసీలే. అంటే నీరు లేక కాదు, మామూలు మోటార్లకు అందక ఇబ్బంది. పైగా అది ఒక్క నగరం నీరు కాదు. రెండు రాష్ట్రాల ఆయకట్టూ, నల్గొండ, గుంటూరు, ప్రకాశం ఊళ్ల తాగునీరూ అందులోనే. అందుకే కరువు ఏడాదిలో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందు ప్రతి టీఎంసీకీ వాదన నడుస్తుంది.

మట్టం ఇంకా పడిపోయినా నీరు తీసుకునేందుకు సుంకిశాల దగ్గర లోతైన ఇన్‌టేక్ బావి తలపెట్టారు. 2024 ఆగస్టులో సాగర్‌కు వరద పోటెత్తిన వేళ దాని రక్షణ గోడ కూలి, పనులు నీట మునిగాయి. కరువు కోసం కడుతున్న బావిని వరద ముంచింది.