ట్రిప్పు లెక్కలో చేరని నిద్ర: లారీ డ్రైవరు పని నీతి వెనుక కథ

మహారాష్ట్ర నుంచి హైదరాబాద్‌లోని మలక్‌పేట మార్కెట్‌కు ఉల్లిగడ్డ తెచ్చే డ్రైవరుకు లోడు ఎత్తేటప్పుడు ఒక్కటే మాట చెబుతారు: పొద్దున వేలానికి సరుకు అందాలి. అందితే నమ్మకమైన మనిషి, అందకపోతే పనికిరాని మనిషి. మధ్యలో అతను ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది ఆ లెక్కలోకి రాదు. డ్రైవరు నిజాయతీని కొలిచే ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలాగే లేదు.

లారీ నడపడం మన దగ్గర బడిలో నేర్చుకున్న విద్య కాదు. మీసాలు రాని కుర్రవాడు క్లీనరుగా బండెక్కి, ఉస్తాద్ అని పిలిచే పెద్ద డ్రైవరు పక్కన ఏళ్ల తరబడి కూర్చుని, చివరికి స్టీరింగ్ పట్టేవాడు. బండి ఆగగానే అతని మొదటి పని ఇనుప రాడ్డుతో ఒక్కొక్క టైరునూ కొట్టి వినడం. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగదన్ని గట్టిగా మోగుతుంది, గాలి తగ్గినది మెత్తగా, చప్పగా పలుకుతుంది. వెనుక జోడు టైర్లలో లోపలిది కంటికి సరిగా ఆనదు కనుక అక్కడ చెవినే నమ్ముకోవాలి. టార్పాలిన్ మీద తాడు బిగించడం, బిల్టీలో, అంటే సరుకు రసీదులో, రాసిన బస్తాలకు దిగిన బస్తాలు సరిపోయేలా చూడటం, డీజిల్ అమ్ముకోకపోవడం, దారిలో చెడిపోయిన తోటివాడి బండిని చూసీ చూడనట్టు వెళ్లిపోకపోవడం అన్నీ ఆ చదువులో భాగమే. కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కకు పెట్టడం కూడా అందులో ఒక పాఠమే. నా దృష్టిలో ఆ చదువుకంతటికీ అదే ప్రాణం.

చట్టం కూడా ఆ మాటే చెప్పింది. డ్రైవరు పని గంటలకు 1939 నాటి మోటారు వాహనాల చట్టమే హద్దు పెట్టింది. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించి, దూర ప్రయాణాల్లో 10 గంటల వరకు అనుమతిస్తూ, 5 గంటల పనికి కనీసం అరగంట విరామం, రెండు పని దినాల మధ్య 9 గంటల వరుస విశ్రాంతి ఉండాలంది. అయితే అది అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న ఓనర్లతో నిండిన ఈ రంగంలో చాలామంది డ్రైవర్లు అలా బయటే ఉండిపోయారు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ ఆ పని గంటలనే రవాణా వాహనాలు నడిపే వారందరికీ వర్తింపజేసింది కానీ, మూడు రాష్ట్రాలు దాటే బండిలో గంటలు లెక్కపెట్టే మనిషి ఎక్కడా లేడు.

ఆ ఖాళీని కూలి పద్ధతి ఆక్రమించింది. బుకింగ్ ఆఫీసులో కిరాయి ట్రిప్పుకు కుదురుతుంది, డ్రైవరు బత్తా కూడా ట్రిప్పుతోనే ముడిపడి ఉంటుంది. ఓనరు నెత్తిన లారీ అప్పు వాయిదా, మధ్యలో బ్రోకరు కమీషన్. ఈ లెక్కలో మెలకువగా ఉన్న రాత్రికి డబ్బు వస్తుంది, పడుకున్న రాత్రికి రాదు. బండి ఆపమన్న ఉస్తాద్ పాఠం ఇలా నష్టం తెచ్చే పాఠమైంది, నిద్ర మానుకోవడమే కష్టపడే గుణం అనిపించుకుంది.

అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి ఉంది. నేషనల్ పర్మిట్ లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలనీ, రెండో డ్రైవరు ఒళ్లు చాచి పడుకోవడానికి సీటు వెనుక అడ్డంగా పరుపు సీటు ఉండాలనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్పేవి. నిద్రకు చోటు చూపించిన నియమం అది. ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి కాదని 2018లో దాన్ని సవరించారు. ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనరును మానుకున్న బండ్లలో ఇప్పుడు డ్రైవరు ఒంటరి. టైరును కొట్టి వినేదీ, తాడు బిగించేదీ, రాత్రంతా నడిపేదీ అతనొక్కడే. ఆ విద్య అందుకోవడానికి పక్క సీట్లో కుర్రవాడు లేడు.

హైదరాబాద్‌లో దీనికి మరో చిక్కు తోడైంది. పగటి పూట నగరంలోకి భారీ లారీలు రాకుండా ఆంక్షలున్నందువల్ల, తెల్లవారాక చేరిన బండి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎక్కడో ఆగిపోతుంది. కాలిన రేకులా వేడెక్కిన క్యాబిన్‌లో, లోడుకు కాపలా కాస్తూ గడిపే ఆ పగలు పనీ కాదు, విశ్రాంతీ కాదు. రాత్రి కాగానే బండి మళ్లీ కదలాలి.

కొత్త శిక్షా నిబంధన మీద డ్రైవర్లు సమ్మె చేయడంతో 2024 జనవరి 2న నగరంలోని పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వాహనాలను ఈ నేపథ్యంలోనే చూడాలి. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు ఉండగా, దాని స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షన్ ప్రమాదం చేసి, చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ల వరకు జైలు అంది. గాయపడిన వారిని వదిలి పారిపోవడం తప్పేనని ఉస్తాద్‌లూ ఒప్పుకుంటారు. కానీ ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం వట్టిది కాదు. 1988 చట్టంలోని 134వ సెక్షన్ క్షతగాత్రులకు వైద్యం అందించే బాధ్యతను డ్రైవరు మీద పెడుతూనే, జన ఆగ్రహం వల్ల సాధ్యం కానప్పుడు మినహాయింపు ఇచ్చింది. సమ్మె తర్వాత కేంద్రం వెనక్కి తగ్గింది, 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉప సెక్షన్‌ను పక్కన పెట్టింది. శిక్ష గురించి అంత చర్చ జరిగిన ఆ రోజుల్లో, ప్రమాదానికి ముందు ఆ డ్రైవరు ఎన్ని గంటలు మేలుకున్నాడన్న ప్రశ్న దాదాపుగా వినబడలేదు.

2025లో, కొత్తగా తయారయ్యే మధ్య, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. డ్రైవరు ఒంటిని దృష్టిలో పెట్టుకున్న నియమం కనుక మనసారా స్వాగతించాల్సిందే. అంతకు ముందే రోడ్డెక్కిన బండ్లలో మాత్రం డ్రైవర్లు ఇప్పటికీ తలుపులు బార్లా తెరిచి, తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటున్నారు.