సింక్ కింద ఉబ్బిన బోర్డు: ఈ గొడవ అసలు ఎక్కడ మొదలైంది

వానలు తగ్గాయో లేదో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మళ్ళీ మాడ్యులర్ కిచెన్‌ల, అంటే ఫ్యాక్టరీలో పెట్టెలుగా చేసి ఇంట్లో బిగించే వంటగదుల, అవే ఫోటోలు. సింక్ కింద బాక్సు అడుగుబోర్డు టీలో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బి ఉంటుంది, పక్క షట్టర్‌కి (బాక్సు తలుపుకి) అంచున అతికించిన పట్టీ, ఎడ్జ్ బ్యాండ్, లేచి వేలాడుతుంటుంది, ఆ కింద లక్షల్లో బిల్లు, దాని కింద ఇది వారంటీలోకి రాదని కంపెనీ జవాబు. ఇక రెండు పార్టీలు. ఫ్యాక్టరీ సరుకు ఇంతే, మంచి కార్పెంటర్‌ని పెట్టుకుని ప్లైవుడ్‌తో చేయించుకుంటే ఇరవై ఏళ్లు కదిలేది కాదంటారు ఒకరు. కార్పెంటర్‌ని పెట్టుకున్న పాపానికి మూడు నెలలు దుమ్ము తిన్నాం, అడ్వాన్స్ పట్టుకుని పండక్కి ఊరెళ్లినవాడు ఇంకా రాలేదు, ఫ్యాక్టరీవాళ్లే నయం, చెప్పిన వారానికి తెచ్చి బిగించి పోయారంటారు ఇంకొకరు. ఎవరి అనుభవం వాళ్లది. కాకపోతే యంత్రమా చెయ్యా అని కొట్టుకుంటున్నారు గానీ, ఉబ్బిన ఆ బోర్డు దగ్గర ఆ ప్రశ్నకు పెద్దగా పని లేదు.

మాడ్యులర్ కిచెన్ కథని జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. 1926లో ఆర్కిటెక్ట్ మార్గరెట్ షుట్టె-లిహోత్‌స్కీ గీసిన చిన్న వంటగది, వండే మనిషి వేసే అడుగులు లెక్కగట్టి సామాన్లు అమర్చడం, దాన్నే దాదాపు పది వేల ఇళ్లలో పెట్టడం, ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేద్దాం. ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను: టైము మిగల్చడం కోసమే పుట్టిన ఆ వంటగదిలో కూడా పిండి పోసే సొరుగులు ఓక్ చెక్కతో చేశారు, పురుగు పట్టదని. కూరలు తరిగే బల్లకి బీచ్ చెక్క వాడారు, మరక పట్టదని. లెక్కలు వేసినవాళ్లకి చెక్క గుణం కూడా తెలుసన్నమాట.

మనవైపు మలుపు ఏదని అడిగితే చాలామంది 2018 ఆగస్టు 9 అంటారు, హైటెక్ సిటీలో ఫర్నిచర్ కంపెనీ ఐకియా తన మొదటి భారతీయ స్టోర్ తెరిచిన రోజు. నా దృష్టిలో అది ఆలస్యంగా జరిగిన సంగతి. అసలు మార్పు అంతకు ముందే, వంటగట్టు కింద జరిగిపోయింది.

1990ల దాకా కట్టిన ఇళ్లలో వంటగట్టు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఇటుక గోడలు లేపి పైన కడప బండ పరిచేవారు, కింద అరలు కూడా కడప బండవే. తర్వాత పైన గ్రానైట్ వచ్చింది గానీ కింద ఏర్పాటు మారలేదు. ఇదంతా తాపీ మేస్త్రి పని. కార్పెంటర్ చివర్లో వచ్చి ముందువైపు చెక్క ఫ్రేము బిగించి తలుపులు పెట్టేవాడు, అంతే. సింక్ కారితే నీళ్లు రాతి మీద పడేవి, గుడ్డ పెట్టి తుడిస్తే సరి. మహా అయితే తలుపు అడుగు అంచు నల్లబడేది, దాన్ని విప్పి చిత్రిక పట్టి మళ్ళీ బిగించేవారు. మాడ్యులర్ కిచెన్ వచ్చి ఈ కింది భాగాన్నే మార్చింది: రాయి మోసిన బరువును 18 మిల్లీమీటర్ల బోర్డు పెట్టె మొయ్యడం మొదలుపెట్టింది, నీళ్లు ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడే బోర్డు వచ్చి కూర్చుంది. (ఇప్పటికీ కొందరు రాతి అరలు ఉంచేసి షట్టర్లూ స్టీలు బుట్టలూ మాత్రం పెట్టించుకుంటారు, దాన్ని సెమీ మాడ్యులర్ అంటున్నారు. ఉబ్బిన ఫోటోల్లో వాళ్ల వంటగదులు తక్కువగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.)

ఫ్రేము లేకుండా ఒట్టి బోర్డు పెట్టె నిలబడి బరువెలా మోస్తోంది అంటే, 32 అనే అంకె గురించి చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్లు జర్మనీ మళ్ళీ కట్టుకునే రోజుల్లో మంచి కలపకీ కరువే, చెయ్యి తిరిగిన వడ్రంగులకీ కరువే. చెక్క ముక్కల్ని జిగురుతో కలిపి నొక్కి చేసే పార్టికల్ బోర్డు అప్పటికే ఫ్యాక్టరీల్లోకి ఎక్కింది. కానీ దానికి కూసం (ఇంకో చెక్క బెజ్జంలో దిగే కొన) చెక్కలేం, అంచున మేకు కొడితే పిగిలిపోతుంది. అందుకని కీళ్లన్నీ గుండ్రటి రంధ్రాలతోనే అయ్యేలా మార్చారు. ఒకేసారి వరుసగా రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ యంత్రాల్లో ఒక్కో బిట్‌ని తిప్పే పళ్లచక్రాలు అప్పట్లో 32 మిల్లీమీటర్ల కంటే దగ్గరికి జరగలేదు, ఆ దూరమే పద్ధతిగా స్థిరపడిపోయింది. ముందు అంచుకు 37 మిల్లీమీటర్లు లోపల ఒక నిలువు గీత, ఆ గీత మీద 32కి ఒకటి చొప్పున 5 మిల్లీమీటర్ల రంధ్రాలు. హింజ్ (తలుపు తిరిగే కబ్జా) ప్లేటైనా, డ్రాయర్ చానెలైనా, అర నిలబెట్టే పిన్నైనా ఆ రంధ్రాల్లోనే దిగుతుంది. మీ ఇంట్లో బాక్సు తెరిచి చూడండి, పనికిరాని రంధ్రాల వరుస కనబడితే అది ఇదే.

దానికి తోడు 35 మిల్లీమీటర్ల గుంటలో కూర్చునే హింజ్ వచ్చింది. 1960ల నుంచి ఆస్ట్రియా కంపెనీ బ్లూమ్ లాంటివాళ్లు వీటిని లక్షల్లో చేస్తూ వచ్చారు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే, ఎందుకో చెప్తాను. పాత పద్ధతిలో తలుపు బిగించేటప్పుడు రెండు తలుపుల మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకేలా రావాలంటే ముందే మూలమట్టం పెట్టి చూసుకోవాలి, కబ్జా కూర్చునే చోట ఉలితో సరిగ్గా అంతే లోతు తియ్యాలి, తేడా వస్తే విప్పి అంచున ఒక పలచటి పొర చిత్రిక పట్టాలి, ఎక్కువ తీస్తే తలుపు పోయినట్టే. ఇప్పుడు ఫిట్టర్ స్క్రూడ్రైవర్ పెట్టి ఒక మర తిప్పితే తలుపు పక్కకి జరుగుతుంది, ఇంకోటి తిప్పితే లోపలికో బయటికో, మూడోది పైకో కిందికో. చేతికి పదేళ్లు పట్టే విద్య మూడు మరల్లోకి వెళ్లిపోయింది. తప్పు చేసినా తర్వాత తిప్పి సరిచేసుకోవచ్చు అన్న ధైర్యం వచ్చాక, నైపుణ్యానికి జీతం ఇవ్వాల్సిన పని లేదన్న ఆలోచన కూడా దాని వెనకాలే వచ్చింది.

మన దేశంలో కలప పక్కకి తప్పుకోవడం ఇంకో దారిలో జరిగింది. 1988 జాతీయ అటవీ విధానం కలప పరిశ్రమల్ని అడవి వదిలి రైతు పొలం చెట్ల మీద ఆధారపడమంది. 1996 డిసెంబరు 12న అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్యంలో నరకడం ఆగి ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి, ఆ వ్యాపారం హర్యానాలోని యమునానగర్ పోప్లార్ తోటల దగ్గరికి మళ్లింది. టేకు మామూలు ఇంటివాళ్లకి అందని ధరకు పోయింది. టేకు చేసిన చేతులు ప్లైవుడ్ కోసి సన్‌మైకా అతికించే చేతులయ్యాయి. కార్పెంటర్ పనితనం అని ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునేదానిలో చాలా భాగం ఫెవికాల్ పూసి బరువు పెట్టడమే, ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది.

బోర్డు మనకు కొత్తదేమీ కాదు. పటాన్‌చెరులో నోవోపాన్ ఫ్యాక్టరీ ఎప్పుడో పార్టికల్ బోర్డు చేసింది. ఆ కంపెనీ ఎక్సైజ్ కేసు ఒకటి 1994లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మెలమైన్ పొర వేసిన బోర్డుని పొర వెయ్యని బోర్డుగా లెక్కగట్టి పన్ను మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న, ఇవ్వక్కర్లేదంది కోర్టు. పన్ను లాయర్లు మినహాయింపుల గురించి ఇప్పటికీ ఆ తీర్పు తిరగేస్తారు. మన గొడవకు పనికొచ్చే సంగతేమిటంటే, పైన వేసిన పొర పలచటిదే అయినా అది సరుకునే మార్చేస్తుందని అప్పుడే పెద్ద తగాదా నడిచింది. ఈరోజు షోరూముల్లో మనం చూసేదీ ఎంచుకునేదీ ఆ పొరనే. లోపల ఏముందో అడిగేవాళ్లు తక్కువ.

ఫ్యాక్టరీవాళ్ల మాటలో పస లేదని కాదు. గచ్చిబౌలి, కొండాపూర్, తెల్లాపూర్ వైపు వందల ఫ్లాట్లు ఒకేసారి చేతికొస్తుంటే అన్ని వంటగదులు ఉలితో అయ్యే పని కాదు. యంత్రం కోసిన అంచు మీద వేలు పెట్టి లాగితే చెక్క పేడు గుచ్చుకోదు. సాఫ్ట్‌వేర్ ఎనిమిది బై నాలుగు షీటులో ముక్కలు ఎలా సర్దాలో లెక్కగట్టి వేస్టు తగ్గిస్తుంది. 2017 నవంబరులో ఫర్నిచర్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక బిల్లుతో కొనడం కూడా కాస్త తేలికైంది. పైగా చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో ఆదివారం రంపం చప్పుడు వద్దు, సాయంత్రం దాటితే వద్దు, కారిడార్‌లో దుమ్ము వద్దు అని రూల్సు, అంటే సైట్‌లో కోసే కార్పెంటర్‌కి గేటు దగ్గరే సగం తలుపు మూసేసినట్టు.

కానీ ఆ యంత్రం లెక్క అంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: గోడ నిలువుగా ఉంటుంది, నేల సమంగా ఉంటుంది, మూల తొంభై డిగ్రీలు ఉంటుంది. మన ఇళ్లలో ఈ మూడూ ఒకేచోట దొరకడం అదృష్టం. రసమట్టం పెడితే బుడగ ఒకవైపు పోతుంది, పైనుంచి కిందికి వచ్చేసరికి ప్లాస్టరింగ్‌లో సెంటీమీటరు తేడా మామూలే. బాక్సులేమో మిల్లీమీటరుకి కోసినవి. ఆ తేడాని మింగేది ఫిట్టర్. చివరి బాక్సుకీ గోడకీ మధ్య మిగిలిన సందులో పెట్టే సన్నటి పట్టీని, ఫిల్లర్ అంటారు, గోడ వంకరను బట్టి పెన్సిల్‌తో గీసి ఆ గీత వెంబడి కోసి, గోడకి ఆనించి చూసి, మళ్ళీ రుద్ది, సందు కనబడకుండా కూర్చోబెట్టాలి. పాత వడ్రంగం అంటే ఇదే, ఒక్క ముక్క తక్కువ కాదు. ఆ పట్టీ సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన కిచెనైనా అద్దె ఇంటి సామానులా కనబడుతుంది.

ఇక సింక్ బాక్సు. డ్రాయింగులో సింక్ ఉంటుంది, పైపులు ఎక్కడున్నాయో ఉండదు, ఉన్నా ప్లంబర్ తర్వాత మార్చేస్తాడు. బాక్సు సైట్‌కి వచ్చాక డ్రెయిన్ పైపుకీ నీళ్ల లైనుకీ రంధ్రాలు పడాలి. ఫ్యాక్టరీలో నాలుగు అంచులకీ పట్టీ అతికించి పంపిన బోర్డుకి ఇక్కడ హోల్ సా పెట్టి గుండ్రంగా కోస్తే పచ్చి అంచు బయటపడుతుంది, నీళ్లు లోపలికి పోయేది అక్కడే. దానికి సీలెంట్ పుయ్యాలి, అరగంట ఆరనివ్వాలి. ఫిట్టర్‌కి డబ్బులు బాక్సుల లెక్కనో చదరపు అడుగుల లెక్కనో ఇస్తారు, ఆ అరగంట ఏ లెక్కలోనూ లేదు. సీలెంట్ ట్యూబు కూడా చాలాసార్లు కిట్‌లో రాదు. ఉబ్బాక కంపెనీ మనిషి వచ్చి చూసి, సైట్‌లో కోసిన చోట నుంచి నీళ్లు పోయాయి కాబట్టి మా తయారీ తప్పు కాదంటాడు. సాంకేతికంగా నిజమే. కోసింది కంపెనీ పంపిన మనిషే అన్నది మాత్రం ఆ రిపోర్టులో రాయడు.

జిగురు సంగతి కూడా ఇలాంటిదే. ఎడ్జ్ బ్యాండ్ అతికించే మామూలు ఈవీఏ జిగురు వేడికి కరిగి చల్లబడి పట్టుకుంటుంది, పొయ్యి పక్కన ఆవిరి తగిలే చోట మళ్ళీ మెత్తబడుతుంది. పీయూఆర్ జిగురు ఒకసారి గట్టిపడితే తిరిగి కరగదు, నీళ్లకీ వేడికీ బాగా ఆగుతుంది. దానికి ఖరీదెక్కువ, యంత్రం ఆపినప్పుడల్లా గడ్డకట్టకుండా శుభ్రం చేసుకోవాలి, లైను వేగం తగ్గుతుంది. ఏది వాడారన్నది కొటేషన్‌లో రాసేవాళ్లు అరుదు. అక్కడ ఉండేది వాటర్‌ప్రూఫ్ అన్న ఒక్క మాట. ఐఎస్ 710 (నీళ్లకు ఆగే ప్లైవుడ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం) ప్లైవుడ్‌ని 72 గంటలు మరిగే నీళ్లలో పెట్టి పొరల మధ్య జిగురు పట్టు చూస్తారు. పార్టికల్ బోర్డుకి ఆ పరీక్షే లేదు, దాన్ని నీళ్లలో కాసేపు నానబెట్టి మందం ఎంత పెరిగిందో కొలుస్తారు. సేల్స్ కుర్రాడి నోట్లో రెండూ వాటర్‌ప్రూఫే. 2025 ఫిబ్రవరి నుంచి బోర్డులకీ ప్లైవుడ్‌కీ బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేసిన మాట నిజమే గానీ ఆ గుర్తు షీటు గురించి చెప్తుంది, మీ ఇంట్లో కోసిన రంధ్రం గురించి చెప్పదు.

ఈసారి గొడవలో కొత్తగా కనబడుతున్నది ఒకటుంది. కొందరు ఆర్డరు ఇచ్చేముందే పైపుల కొలతలు తీసి డ్రాయింగులో పెట్టించుకుంటున్నారు, సైట్‌లో కోసిన ప్రతి అంచుకీ సీలెంట్ పూసి ఫోటో ఇవ్వాలని రాయించుకుంటున్నారు, సింక్ బాక్సు ఒక్కటి డబ్ల్యూపీసీతోనో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు) ఐఎస్ 710 ప్లైతోనో అడుగుతున్నారు. కొన్ని కంపెనీలు రేటు కలిపి ఒప్పుకుంటున్నాయి. ఫిట్టర్ కూలి మాత్రం ఇంకా బాక్సుకి ఇంత అనే నడుస్తోంది.