సొంతంగా ఉత్తరం రాసుకోవడానికి 40 ఏళ్లు

అఫ్గానిస్తాన్ ఏనాడూ ఎవరికీ వలస కాలేదని మనం తరచూ వింటాం. మరి ఏటా ఆగస్టు 19న, వాళ్ల క్యాలెండర్‌లో అసద్ నెల 28న, అక్కడ స్వాతంత్ర్య దినం ఎందుకు జరుపుకుంటారు? ఎవరి నుంచి వచ్చిన స్వాతంత్ర్యం అది? ఈ ప్రశ్నకు జవాబు యుద్ధాల్లో కన్నా కాగితాల్లో ఎక్కువ దొరుకుతుంది. కాబూల్‌లో తెల్లదొర కలెక్టరు కచేరీ పెట్టలేదు, శిస్తు వసూలు చేయలేదు. గద్దె మీద కూర్చున్నది ఎప్పుడూ అఫ్గానే. కానీ 1879 నుంచి 1919 దాకా ఆ గద్దె మీది అమీరు మరో దేశంతో ఏం మాట్లాడాలన్నా భారతదేశంలోని బ్రిటిష్ వైస్రాయి సమ్మతి కావాలి.

కథ అంతకు ముందే, రష్యా భయంతో మొదలైంది. మధ్య ఆసియా మీదుగా రష్యా దక్షిణానికి వచ్చేస్తుందేమోనని, భారతదేశానికి వాయవ్య దిక్కున తమ మాట వినే పాలకుడు ఉండాలని ఆంగ్లేయులు అనుకున్నారు. 1839లో అప్పటి అమీరు దోస్త్ మహమ్మద్‌ను దించి, తమ నీడన ఉన్న షా షుజాను కాబూల్‌లో కూర్చోబెట్టారు. రెండేళ్లు దాటేసరికి నగరం తిరగబడింది. 1842 జనవరిలో సుమారు 4,500 మంది సైనికులు, 12,000 మంది పరివారం మంచులో జలాలాబాద్ దారి పట్టారు. సిపాయిలు, వంటవాళ్లు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. జనవరి 13న ఆ సైన్యంలోని డాక్టర్ బ్రైడన్ కుంటుతున్న గుర్రం మీద జలాలాబాద్ కోట చేరాడు. చరిత్ర ఆయన్నే గుర్తుపెట్టుకుంది. చలికి కాళ్లు చేతులు పోగొట్టుకుని కాబూల్ వీధుల్లో బిచ్చమెత్తుకున్న సిపాయిలను కూడా గుర్తుపెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఆ దారిలో చివరి బ్రిటిష్ దండు నేలకొరిగిన ఊరు గండమక్. 37 ఏళ్ల తర్వాత, మరోసారి దండెత్తి వచ్చి, అదే గండమక్‌లో, 1879 మే 26న, అమీర్ యాకూబ్ ఖాన్ చేత ఆంగ్లేయులు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించారు. విదేశీ వ్యవహారాలన్నీ బ్రిటిష్ సలహా ప్రకారమే నడపాలి, ఖైబర్ కనుమ మీద అధికారం వదులుకోవాలి, కాబూల్‌లో రెసిడెంటు అనే బ్రిటిష్ ప్రతినిధిని ఉండనివ్వాలి. బదులుగా ఏటా 6 లక్షల రూపాయలు.

ఆ రూపాయలు భారత ఖజానావి. యుద్ధం ఖర్చులో ఎక్కువ వంతు కూడా ఇక్కడిదే. అది నడిపించిన వైస్రాయి లిట్టన్. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది ఆకలితో చచ్చిపోయినప్పుడు, మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే ఆ రోజుల్లో కూడా వైస్రాయి ఆయనే. కరువు సాయం పేరుతో వేసిన పన్నుల సొమ్ము అఫ్గాన్ యుద్ధానికి మళ్లిందన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది.

రెసిడెంటుగా వెళ్లిన కవాన్యరీని సెప్టెంబరు 3న కాబూల్‌లో చంపేశారు. మళ్లీ యుద్ధం, మళ్లీ ఆక్రమణ. 1880 జులై 27న మైవంద్ దగ్గర యాకూబ్ తమ్ముడు అయూబ్ ఖాన్ సేన ఒక బ్రిటిష్ దండును చిత్తుగా ఓడించింది కూడా. అయినా విదేశీ వ్యవహారాల షరతు చెక్కుచెదరలేదు. కొత్త అమీరు అబ్దుర్ రహమాన్ దానికి ఒప్పుకునే గద్దెనెక్కాడు. 1883 నుంచి ఏటా 12 లక్షల రూపాయలు. 1893లో బ్రిటిష్ ఇండియాతో సరిహద్దుగా డ్యూరాండ్ రేఖకు తలూపాక 18 లక్షలు. ఆ డబ్బుతో, ఆ తుపాకులతో ఆయన దేశాన్ని ఒక్క పిడికిట్లోకి తెచ్చుకున్నాడు. అందులో భాగంగా హజారా అనే తెగ ప్రజల మీద సాగించిన దారుణాలను రాజ్య నిర్మాణం అనే పేరుతో మరుగుపరచకూడదు.

1907లో రష్యా, బ్రిటన్ ఒక ఒడంబడిక చేసుకున్నాయి. అఫ్గానిస్తాన్ తన పరిధిలో లేదని, దానితో వ్యవహారం బ్రిటన్ ద్వారానే నడుపుతానని రష్యా ఒప్పుకుంది. కాబూల్‌ను మాటవరసకైనా అడగలేదు. అబ్దుర్ రహమాన్ కొడుకు, అప్పటి అమీర్ హబీబుల్లా సమ్మతి తెలపడానికి నిరాకరించాడు. అంతకు మించి ఆయన చేతిలో ఏమీ లేదు.

ఆయన చేయలేని పని ఒక పత్రిక మొదలుపెట్టింది. డమాస్కస్‌లో ప్రవాసం గడిపి వచ్చిన మహమూద్ తర్జీ 1911 నుంచి 1918 దాకా కాబూల్‌లో ‘సిరాజుల్ అఖ్బార్’ నడిపాడు. చదువు, రైలు, దేశం, స్వాతంత్ర్యం అనే మాటలు రాజభవనంలోని కుర్రాళ్లకు అలవాటైంది ఆ పుటల్లోనే. వాళ్లలో ఒకడు తర్జీకి అల్లుడయ్యాడు. పేరు అమానుల్లా, హబీబుల్లా కొడుకు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు, తుర్కులు కాబూల్ దాకా వచ్చి బతిమాలినా హబీబుల్లా తటస్థంగా ఉండిపోయాడు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు యుద్ధం ముగిశాక స్వాతంత్ర్యం గుర్తించమని అడిగాడు. 1919 ఫిబ్రవరి 20న లగ్మాన్‌లో వేట విడిదిలో ఆయన హత్యకు గురయ్యాడు. ఖజానా, సైన్యం చేతిలో ఉన్న అమానుల్లా కాబూల్‌లో అమీరయ్యాడు. మార్చి 3న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌కు ఉత్తరం రాశాడు. అఫ్గాన్ ప్రభుత్వం స్వతంత్రమైనదని, స్నేహానికి సిద్ధమని. జవాబు ఆరు వారాలకు, ఏప్రిల్ 15న వచ్చింది. అడిగినదానికి అవునని గానీ కాదని గానీ అందులో లేదు. అప్పటికి జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగి రెండు రోజులే అయింది.

మే మొదట్లో అఫ్గాన్ సైనికులు ఖైబర్‌లో బాగ్ అనే ఊరిని పట్టుకున్నారు. దగ్గర్లోని బ్రిటిష్ స్థావరం లండీ కోతల్‌కు తాగునీళ్లు వచ్చేది అక్కడి నుంచే. మే 6న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మే 24న ఒక హ్యాండ్లీ పేజ్ విమానం కాబూల్ రాజభవనం మీద బాంబులు వేసింది. లండన్ మీద జర్మన్ గాలి ఓడలు జెప్పెలిన్లు బాంబులు వేస్తే అనాగరికం అన్నవాళ్లే ఇప్పుడు అదే పని చేస్తున్నారని అమానుల్లా వైస్రాయికి రాశాడు. అటు అఫ్గాన్ సేనాని నాదిర్ ఖాన్ సరిహద్దులోని బ్రిటిష్ థల్ కోటను ముట్టడిస్తే, విడిపించడానికి వెళ్లిన దండుకు నాయకుడు జలియన్‌వాలాబాగ్ డయ్యరే. జూన్ 3న కాల్పులు ఆగాయి.

ఆగస్టు 8న రావల్పిండిలో కుదిరిన ఒప్పందం చదివితే గెలిచింది బ్రిటనే అనిపిస్తుంది. ఏటా ఇచ్చే సొమ్ము రద్దు, పాత బకాయిలు జప్తు, భారత్ మీదుగా ఆయుధాల దిగుమతి బంద్. స్వాతంత్ర్యం అన్న మాటే అందులో లేదు. అది ఉన్నది బ్రిటిష్ ప్రతినిధి హామిల్టన్ గ్రాంట్ ఒప్పందంతో పాటు ఇచ్చిన ఉత్తరంలో. లోపలి వ్యవహారాల్లోనూ, బయటి వ్యవహారాల్లోనూ అఫ్గానిస్తాన్ ఇక స్వతంత్రమని అందులో ఉంది. గండమక్‌లో పోయింది ఆ ఒక్క కాగితంతో తిరిగొచ్చింది. లక్షల రూపాయలు పోయినా అమానుల్లా అందుకున్నది అదే. 1921 ఫిబ్రవరిలో మాస్కోతో సొంతంగా ఒప్పందం చేసుకున్నాడు. నవంబరు 22న కాబూల్‌లోనే బ్రిటన్‌తో మరో ఒప్పందం జరిగింది. ఇక బ్రిటన్‌తో మాట్లాడటానికి అఫ్గాన్ రాయబారి నేరుగా లండన్‌లోనే ఉండొచ్చు.

రావల్పిండి కాగితంలో ఇంకో షరతు కూడా ఉంది. హబీబుల్లా ఒప్పుకున్న సరిహద్దునే అమానుల్లా కూడా ఒప్పుకోవాలి. అంటే డ్యూరాండ్ రేఖే. మే నెలలో వజీరిస్తాన్‌లోని బ్రిటిష్ మిలిషియా నుంచి పష్తూన్ జవాన్లు తుపాకులతో సహా వెళ్లిపోయి అమీరు పక్షాన నిలిచారు. ఒప్పందం తర్వాత వాళ్ల ఊళ్లు రేఖకు ఇవతలే మిగిలాయి. ఆ చలికాలంలోనే బ్రిటిష్ సైన్యం వజీరిస్తాన్ మీదికి కదిలింది.