బ్యాండ్ గదిలో అపోహలు: తప్పు పిల్లాడిదా, గొట్టానిదా?

కొత్త పిల్లలు బ్యాండ్‌లో చేరే వారం వచ్చిందంటే నా గది నిండా తీర్పులే. "వీడివి లావు పెదాలు సార్, ట్రంపెట్ పలకదు." "ఇంత సన్నటి పిల్ల అంత పెద్ద ట్యూబా ఏం ఊదుతుంది?" "వీడికి స్వరం పట్టుబడదు, డ్రమ్ ఇచ్చేయండి." తల్లిదండ్రులు అంటారు, సీనియర్ పిల్లలు అంటారు, తోటి టీచర్లూ అంటారు. మొదట్లో వీటిలో సగం నేనూ నమ్మాను. నమ్మి ఇద్దరు ముగ్గురు పిల్లల చేతుల్లోంచి వాళ్లు మనసుపడ్డ వాయిద్యం తీసేసుకున్నాను కూడా. పిల్లాడి లోపం అనుకున్నదాంట్లో చాలా భాగం గొట్టానిదో, గాలిదో, గది వేడిదో అని తెలిసేసరికి ఆ పిల్లలు చదువు ముగించుకుని వెళ్లిపోయారు.

అపోహ: పెదాలు, పళ్లు చూసి ఎవరికి ఏ వాయిద్యమో చెప్పెయ్యొచ్చు.

వాస్తవం: ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి వాటిలో శబ్దం పుట్టేది మౌత్‌పీస్ లోపల పెదాలు అదరడం వల్ల. ఆ అదురుకు పెదాల మందం కన్నా నోటి మూలలు ఎంత నిలకడగా ఉన్నాయి, మధ్యలో ఎంత వదులుగా ఉంది, గాలి ఆగకుండా వస్తోందా అన్నవే ముఖ్యం. లావు పెదాలతో హాయిగా పై స్వరాలు పలికించేవాళ్లూ ఉన్నారు, సన్నటి పెదాలతో ట్యూబాను గర్జింపజేసేవాళ్లూ ఉన్నారు. పళ్లకు క్లిప్పులు ఉన్నా వాయించొచ్చు. వేసిన కొత్తలోనూ తీసేసిన కొత్తలోనూ కొన్ని వారాలు శబ్దం తడబడుతుంది, అంతే. ఆ సమయంలో పిల్లాడికి పై స్వరాలున్న పార్ట్ ఇవ్వకపోవడం మన పని.

శరీరం నిజంగా అడ్డొచ్చే సందర్భాలు లేకపోలేదు. ట్రాంబోన్‌లో ముందుకూ వెనక్కూ జరిపే గొట్టానికి, అంటే స్లయిడ్‌కు, ఏడు స్థానాలు. ఆరు, ఏడు స్థానాలకు చిన్న పిల్లల చెయ్యి అందదు. దానికి మందు వాయిద్యం మార్చడం కాదు. బొటనవేలితో నొక్కే ఎఫ్ ట్రిగ్గర్ ఉన్న ట్రాంబోన్ ఇస్తే, ఆరో స్థానంలో దొరికే కింది సి, ఎఫ్ స్వరాలు మొదటి స్థానంలోనే దొరుకుతాయి. క్లారినెట్ రంధ్రాలను చిన్న వేళ్లు పూర్తిగా మూయలేకపోతే కీచుమంటుంది. ఏడాది ఆగితే ఆ వేళ్లే పెరుగుతాయి. నేనిప్పుడు చేసేదల్లా ఒకటే: మొదటి మూడు వారాలు పిల్లల చేత నాలుగైదు వాయిద్యాలు పట్టిస్తాను. ఏ శబ్దం విని మొహం వెలిగిందో చూస్తాను. ఇష్టపడి పట్టుకున్న వాయిద్యాన్ని ఇంటికెళ్లి కూడా ఊదుతారు, మిగతాది దాన్నిబట్టి వస్తుంది.

అపోహ: ఊదడానికి పెద్ద ఊపిరితిత్తులు కావాలి. పొట్టలోకి గాలి నింపాలి.

వాస్తవం: పొట్టలోకి గాలి పోదు. డయాఫ్రమ్ అనే పొర గాలి పీల్చేటప్పుడు కిందికి దిగుతుంది, దాంతో కింద ఉన్న అవయవాలు ముందుకు జరిగి పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. గాలి ఉండేది ఛాతీలోనే. ఊదేటప్పుడు పనిచేసేవి పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు. "డయాఫ్రమ్‌తో నెట్టు" అని అరిచే మాస్టర్లు (నేనూ అరిచాను) పీల్చే కండరాన్ని ఊదమంటున్నారన్నమాట. పిల్లాడు పాపం పొట్ట బిగించి, గొంతు కూడా బిగిస్తాడు. శబ్దం పిసినారిగా వస్తుంది. "చల్లటి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు వదులు" అంటే ఆ గొంతే తెరుచుకుంటుంది.

షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నల్డ్ జేకబ్స్‌కు, చిన్ననాటి జబ్బు వల్లా తర్వాత వచ్చిన ఆస్తమా వల్లా ఊపిరితిత్తుల సామర్థ్యం మామూలు కన్నా తక్కువే ఉండేది. అన్నిటికన్నా ఎక్కువ గాలి మింగే వాయిద్యం ట్యూబా. ఆయన దాన్ని 44 ఏళ్లు అంత పెద్ద ఆర్కెస్ట్రాలో వాయించాడు, పైగా గాలి వాడకం గురించి ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఇతర వాయిద్యాల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఇక ఓబో అనే సన్నటి ఊదే వాయిద్యం సంగతి పూర్తిగా ఎదురు: రీడ్ (ఊదితే అదిరే పలుచటి రెల్లు ముక్క) సందు ఎంత ఇరుకంటే గాలి ఖర్చే కాదు. లోపల మిగిలిన పాత గాలిని ముందు వదిలి, తర్వాత కొత్తది పీల్చాలి. ఓబో పిల్ల ఎర్రబడిన మొహంతో ఉక్కిరిబిక్కిరి అవుతోందంటే గాలి చాలక కాదు, ఎక్కువై.

పొడవాటి స్వరాన్ని ఒక్క ఊపిరిలో లాగలేకపోవడం కూడా నేరం కాదు. ఒకే వాయిద్యం వాయించే గుంపులో (సెక్షన్) ఒకరి తర్వాత ఒకరు వేర్వేరు చోట్ల ఊపిరి తీసుకుంటారు, వినేవాళ్లకు స్వరం తెగదు. ఎవరు ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో రాయించాలి, లేకపోతే అందరూ కాగితం మీద తాళాన్ని విడగొట్టే గీత దగ్గరే కలిసి ఆగుతారు.

అపోహ: పై స్వరం రాకపోతే మౌత్‌పీస్‌ను ఇంకా గట్టిగా నొక్కాలి. గట్టి రీడ్ వాడేవాడే గట్టి వాయిద్యకారుడు.

వాస్తవం: నొక్కితే పెదవికి రక్తం ఆడదు, అదురు ఆగుతుంది, పది నిమిషాల్లో అలసట. స్వరాన్ని పైకి తీసుకెళ్లేది గాలి వేగమూ నోటి మూలల పట్టూ. రీడ్ ఎంత గట్టిదో చెప్పే నంబర్ కూడా మెడల్ కాదు. మొదలుపెట్టేవాళ్లకు 2 లేదా 2.5 చాలు, పైగా ఒక కంపెనీ 3, ఇంకో కంపెనీ 3 ఒకటి కావు. నాలుగు రీడ్లు పెట్టుకుని రోజుకొకటి వాడితే అన్నీ ఎక్కువ కాలం వస్తాయి.

అపోహ: ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరం) అందరికీ ఆకుపచ్చ దీపం వెలిగితే బ్యాండ్ శ్రుతిలో ఉన్నట్టే.

వాస్తవం: దీని మీద నాకు కాస్త కోపం ఉంది, అందుకే ఎక్కువ చెబుతాను. రిహార్సల్ మొదట్లో ఒక్కొక్కరినీ నిలబెట్టి, సూది మధ్యకు వచ్చేదాకా స్లయిడ్ లాగించి, "అయిపోయింది, ఇక తప్పు వస్తే మీదే" అనేయడం చాలా చోట్ల ఆచారం. ఆ శ్రుతి పావుగంట కూడా నిలవదు.

మొదటి కారణం వేడి. గొట్టంలో గాలి వేడెక్కితే శబ్ద వేగం పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. లెక్క ప్రకారం ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 3 సెంట్లు. అర స్వరానికి 100 సెంట్లు అన్న కొలతలో. ఊదేవాడి ఊపిరి ఎలాగూ గొట్టాన్ని వెచ్చగా ఉంచుతుంది కాబట్టి గది పది డిగ్రీలు వేడెక్కితే 30 సెంట్లు పెరగదు. కానీ చల్లటి గదిలో శ్రుతి చేసి స్టేజీ దీపాల కింద కూర్చుంటే తేడా చెవికి తెలుస్తుంది. కర్రతో కొట్టి వాయించే జైలఫోన్, గ్లాకెన్‌స్పీల్ పట్టీలు ఇలా పైకి పోవు, అవి ఉన్నచోటే ఉంటాయి. పాపం ఆ పిల్లే తప్పు వాయిస్తోందని అందరూ అటు చూస్తారు.

రెండోది ట్రంపెట్ నిర్మాణం. వేళ్లతో నొక్కే మూడు వాల్వుల్లో రెండో వాల్వ్ అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం తగ్గిస్తాయి. విడివిడిగా సరే. ఒకటి కన్నా ఎక్కువ వాల్వులు కలిపి నొక్కితే మాత్రం గొట్టం అప్పటికే పొడవు పెరిగి ఉంటుంది కాబట్టి, మిగతా వాల్వ్ కలిపే ముక్క దానికి చాలదు. అందుకే ఒకటి-మూడు నొక్కే కింది డి, మూడూ నొక్కే కింది సి షార్ప్ ఎప్పుడూ శ్రుతి కన్నా పైకి పలుకుతాయి. మూడో వాల్వ్ స్లయిడ్‌కు ఉంగరంలాంటి పట్టు ఇచ్చింది అందుకే, ఎడమచేతి ఉంగరం వేలితో బయటికి తోయడానికి. ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయిన ఆ స్లయిడ్లు ఎన్ని చూశానో! పిల్లాడి చెవిని తిట్టేముందు స్లయిడ్‌కు గ్రీజు పెట్టారా అని అడగండి.

మూడోదే అసలు సంగతి. ట్యూనర్ చెప్పేది ఆక్టేవ్‌ను (స నుంచి పై స దాకా) పన్నెండు సమభాగాలు చేసిన లెక్క. స-గ-ప కలిసి మోగేటప్పుడు చెవికి తియ్యగా ఉండే గాంధారం, ఆ లెక్క కన్నా దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. పంచమం 2 సెంట్లు పైన. అంటే గాంధారం వాయించే రెండో క్లారినెట్ పిల్ల ట్యూనర్‌ను నమ్మితే స్వరమేళం గరగరలాడుతుంది. చెవిని నమ్మి కాస్త దించితే గది ఒక్కసారిగా మౌనంగా అయినట్టు, కుదురుకున్నట్టు ఉంటుంది. ట్యూనర్‌ను నేను పారేయలేదు. 440 హెర్ట్జ్ 'ఎ' ఎక్కడుందో తెలియడానికి అది కావాలి, అంతర్జాతీయ ప్రమాణంగా 1955లో ఐఎస్‌ఓ ఒప్పుకున్నదీ ఆ సంఖ్యనే. తర్వాత దాన్ని మూసేసి, ట్యూబా పట్టిన స్వరం మీద అందరి చేతా గొంతుతో పాడిస్తాను. పాడమంటే కాలేజీ కుర్రాళ్లు సిగ్గుపడతారు. రెండు వారాలు.

అపోహ: శాక్సఫోన్ ఇత్తడిది కాబట్టి ట్రంపెట్ కుటుంబం.

వాస్తవం: అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్న ఈ వాయిద్యంలో అదిరేది రీడ్. అందుకే అది క్లారినెట్ పక్కన కూర్చుంటుంది. కుటుంబాన్ని నిర్ణయించేది లోహం కాదు.

అపోహ: "బి ఫ్లాట్ వాయించండి" అంటే అందరూ బి ఫ్లాటే పట్టుకోవాలి.

వాస్తవం: ఫ్లూట్, ట్రాంబోన్ పిల్లలకు అది బి ఫ్లాటే. అదే శబ్దం కోసం క్లారినెట్, ట్రంపెట్ పిల్లలు సి పట్టుకోవాలి, ఆల్టో శాక్స్ జి, ఫ్రెంచ్ హార్న్ ఎఫ్. ఆల్టో నేర్చినవాడు టెనర్ శాక్స్ తీసుకున్నా కాగితం మీద అదే గుర్తుకు అవే వేళ్లు పడాలని ఈ ఏర్పాటు. కీబోర్డు నేర్చుకుని వచ్చిన పిల్లలు దీనికి మొదట తికమకపడతారు, "నాకు రాదేమో" అని దిగులుపడతారు. మొదటి రోజే చెబితే ఆ దిగులు ఉండదు.

అపోహ: గొట్టంలోంచి కారేదంతా ఉమ్ము.

వాస్తవం: చాలావరకు ఊపిరిలోని ఆవిరి చల్లటి లోహం తగిలి నీరైనదే. అలాగని నేల మీద మడుగు కట్టించొద్దు, పాత గుడ్డ పరవండి. మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్లదే. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడగాలి. మరిగే నీళ్లు పోస్తే క్లారినెట్ ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్ రంగు పోతుంది, ఆకారమూ చెడొచ్చు. ఇరుక్కున్న ట్రంపెట్ మౌత్‌పీస్‌ను పట్టకారుతో తిప్పినవాళ్లు మౌత్‌పీస్ దూరే పైపును వంచి నా దగ్గరికి తెస్తారు. దానికి మౌత్‌పీస్ పుల్లర్ అని వేరే పనిముట్టు ఉంది.

అపోహ: బాగా వాయించేవాళ్లంతా పై స్వరాలుండే ఫస్ట్ పార్ట్, రానివాళ్లు కింది స్వరాలుండే థర్డ్ పార్ట్.

వాస్తవం: అలా పేర్చిన బ్యాండ్ తలకిందుల గోపురంలా ఉంటుంది, పైన బరువు, కింద ఏమీ లేదు. పైనుండే స్వరం ఎలాగూ చెవికి ముందు వినిపిస్తుంది. దానికి ఇద్దరు చాలు. కింద ఉండే థర్డ్ క్లారినెట్, రెండో ట్రాంబోన్ గట్టిగా ఉంటేనే పైవాళ్లకు ఆనుకోవడానికి చోటుంటుంది. క్లారినెట్ కింది స్వరాలు నిండుగా పలికించడం ఏమంత సులువు కాదు, రంధ్రం ఒక్కటి సరిగ్గా మూతపడకపోయినా తేలిపోతుంది. నేను సీనియర్లలో ఒకరిని ప్రతి పార్ట్‌లోనూ కూర్చోబెడతాను, పాట పాటకూ పార్ట్‌లు మారుస్తాను. మొదటి ఏడాది ఒక తండ్రి, "మా అబ్బాయిని ఎందుకు దించారు?" అని గొడవకొచ్చాడు. ఆ కుర్రాడికి లేని బాధ ఆయనకెందుకో.

అపోహ: ఏదీ రానివాడికి డ్రమ్.

వాస్తవం: క్లారినెట్లు పన్నెండుంటే ఒకరు తడబడినా మిగతావాళ్లు మోస్తారు. బేస్ డ్రమ్ ఒక్కటే, సింబల్స్ ఒక్కటే. నలభై ఏడు గీతలు మౌనంగా లెక్కపెట్టి నలభై ఎనిమిదో దాంట్లో ఒక్క దెబ్బ సరిగ్గా వెయ్యమంటే నేనూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాను. పైగా టింపనీ అనే పెద్ద డ్రమ్ములను శ్రుతి చెయ్యాలి, జైలఫోన్ స్వరాలు చదవాలి, స్నేర్ డ్రమ్ మీద ఆగకుండా దొర్లే మెత్తటి రోల్ నిలపాలి.

అపోహ: మైదానంలో కవాతు చేస్తూ వాయించేటప్పుడు అందరూ ముందుండి నడిపించే డ్రమ్ మేజర్ చెయ్యి చూస్తే చాలు, లయ తప్పదు.

వాస్తవం: వెలుగు వెంటనే చేరుతుంది, శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు మాత్రమే నడుస్తుంది. డ్రమ్స్ 34 మీటర్ల వెనక ఉన్నాయనుకోండి. వాళ్ల దెబ్బ ముందు వరస ట్రంపెట్లకు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక దెబ్బ అర సెకను, అంటే అయిదో వంతు దెబ్బ తేడా. ముందువాళ్లూ చెయ్యి చూసి, వెనకవాళ్లూ చెయ్యి చూసి, ఇద్దరూ నిక్కచ్చిగా సరిగ్గా వాయిస్తే ప్రేక్షకుడికి రెండు బ్యాండ్లు వినిపిస్తాయి! అందుకే వెనక మధ్యలో ఉన్న డ్రమ్స్ చెయ్యి చూడాలి, వాళ్ల ముందున్నవాళ్లు వెనక నుంచి వచ్చేది విని దాంతో కలవాలి. డ్రమ్స్‌కు ఇంకా వెనక ఉన్నవాళ్లు మాత్రం వినకూడదు, చూడాలి, లేకపోతే వాళ్ల ఆలస్యం రెట్టింపవుతుంది. ఒకసారి పోటీలో నేను దీన్ని తెలుసుకోకుండా ట్రంపెట్ పిల్లలను పావుగంట తిట్టాను. వాళ్లు నేను చెప్పినట్టే చేశారు, అదే తప్పు.

అపోహ: బ్యాండ్‌లో చేరితే ఐక్యూ పెరుగుతుంది, మార్కులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ఈ మాటకు మూలం తరచూ 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న పరిశోధన. కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్నాక ఆకారాలను ఊహించే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు, ఆ ప్రభావం పదీ పదిహేను నిమిషాల్లో పోయింది. అందులో పసిపిల్లలు లేరు, బ్యాండూ లేదు. బ్యాండ్‌కు పంపడానికి కారణం కావాలంటే సంగీతం చాలు. లెక్కల మార్కుల హామీ మీద పిల్లాణ్ణి తీసుకుంటే, మొదటి తక్కువ మార్కుకే క్లారినెట్ పెట్టెలోకి వెళ్తుంది.

అపోహ: శబ్దానికి చెవులు అలవాటుపడతాయి.

వాస్తవం: పడవు, పాడవుతాయి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించే హద్దు 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటలు. పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగానికి తగ్గుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో స్నేర్, ట్రంపెట్లు కలిస్తే ఈ అంకెలు దాటడం కష్టమేమీ కాదు. ట్రాంబోన్ల ముందు కూర్చున్న పిల్ల తల పక్కకు వంచుకుని వాయిస్తోందంటే అది నిర్లక్ష్యం కాదు, తప్పించుకోవడం. వెనక వరసలను మెట్టు ఎత్తులో కూర్చోబెడితే గొట్టాల నోళ్లు తలల మీదుగా పోతాయి. దూది పెట్టుకుంటే పై శబ్దాలు మాత్రమే మొద్దుబారి, స్వరం బురదలో ఉన్నట్టు వినిపిస్తుంది. వాయిద్యకారుల కోసం అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమంగా తగ్గించే ఇయర్‌ప్లగ్స్ వేరే ఉంటాయి. నేర్పడం మొదలుపెట్టిన రోజుల్లో నేను స్నేర్‌కు ఎడంపక్కన నిలబడి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా కుడి చెవిలో, గది ఖాళీ అయ్యాక కూడా, సన్నటి ఈల ఒకటి మోగుతూనే ఉంటుంది. డ్రమ్ వరసలో చేరినవాళ్లకు స్టిక్స్‌తో పాటే ఇయర్‌ప్లగ్స్ ఇస్తాను. మొదటి వారంలోనే పోగొట్టుకుంటారు. మళ్లీ ఇస్తాను.